ఉప్పునీటిలో కొలిచిన పలక

కొలత 604. పలక 3. ఎండ నిలకడగా ఉంది.

మూడో పలక బాగుంది. పోయినసారి కొలిచినప్పుడు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. గ్రాఫు మీద గ్రాఫు పెడితే రెండూ ఒకటే గీతలా కనిపిస్తున్నాయి. తృప్తిగా రాసుకోవాల్సిన మాటే. కానీ గదిలోంచి బయటికి వచ్చి మంచినీళ్ళ తొట్టిలోకి తొంగి చూశాను. నీళ్ళు మళ్ళీ దిగాయి.

ఆ నీళ్ళిచ్చే పలకలు పన్నెండూ బాగున్నాయి, నీళ్ళు మాత్రం తగ్గుతున్నాయి. రెండింట్లో ఏదో ఒకటి అబద్ధం. నీళ్ళకి అబద్ధం చెప్పాల్సిన అవసరం లేదు.

మధ్యాహ్నం ఎక్స్‌రే వలయం తిరిగే వేళకి, మునగకుండా మిగిలిన ఈ దిబ్బ మీద పొయ్యిలన్నీ ఆపేస్తారు. ఎక్స్‌రేలు పుట్టించడానికి ఉన్న కరెంటంతా ఆ వలయానికే కావాలి. జనం పొద్దున్నే వండేసుకుని, చల్లారిన అన్నం తింటూ నా గది వైపు చూసి సణుక్కుంటారు. ఈ రోజు ప్రెసిడెంటు లింగేశ్వర్రావు గారే చేతులు తుడుచుకుంటూ వచ్చారు. సముద్రం పొంగక ముందు ఈయన తండ్రి ఒక ఊరికి ప్రెసిడెంటు. ఆ ఊరు ఇప్పుడు లేదు, పిలుపు మిగిలింది.

"ఏమ్మా ఇందుమతీ, మూడోది ఎలా ఉంది?"

"బాగుందండి."

"నాలుగోది బాగుంది, అయిదోది బాగుంది, ఇప్పుడు మూడోదీ బాగుంది. మరి నీళ్ళెక్కడికి పోతున్నాయమ్మా?"

"తొట్టికి కారుడేమైనా ఉందేమో చూడమన్నాను కదండీ."

"చూశాం. చుట్టూ తుడిచి మరీ చూశాం, బొట్టు కారట్లేదు. నీ మిషను ముసల్దయిపోయిందేమో చూసుకో. ఈమధ్య నా కళ్ళకీ అందరూ అందంగానే కనపడతన్నారు."

నవ్వాను. ఆయన వెళ్ళాక నవ్వు మిగల్లేదు. ఆ అనుమానం నాకూ ఉంది.

నా పని చెప్పడం కష్టం కాదు. ఎక్స్‌రే కిరణాన్ని పలక ముఖానికి రాసుకుంటూ పోయేంత వాలుగా పంపుతాను. లోపల పరమాణువులన్నీ వరసల్లో ఉంటాయి కాబట్టి అవి కిరణాన్ని కొన్ని చోట్లకే, గట్టి చుక్కలుగా విసురుతాయి. ఆ చుక్కకీ చుక్కకీ మధ్య వెలిసిపోయినట్టు సన్నగా ఒక కడ్డీ కనిపిస్తుంది. స్ఫటికం ఆ ముఖం దగ్గర ఉన్నట్టుండి ఆగిపోతుంది కాబట్టి పుట్టే వెలుగు అది. పైనున్న రెండు మూడు పొరల సంగతంతా ఆ కడ్డీ పొడుగునా వెలుగు ఎక్కడ పెరిగింది, ఎక్కడ తగ్గింది అన్నదాంట్లోనే ఉంటుంది. ఎండ తగిలినప్పుడు సముద్రపు నీళ్ళలోంచి ఉప్పుని వేరు చేసేవి ఆ పై పొరలే. పలకలు చేసిన ఫ్యాక్టరీ సముద్రం అడుగున ఉంది. చేసే విధం తెలిసినవాళ్ళు మిగిలినట్టు మేం వినలేదు.

అయితే డిటెక్టరు వెలుగు ఎంతో చెబుతుంది గానీ, ఆ అలలు ఏ దశలో వచ్చి కలిశాయో చెప్పదు. సగం కబురు దారిలోనే పోతుంది. అందుకని పరమాణువులు ఇలా ఉన్నాయేమో అని ముందు ఊహించాలి. ఆ ఊహకి ఏ గీత రావాలో లెక్క కట్టాలి. కొలిచిన గీతతో పోల్చాలి. సరిపోతే ఊహ నిజమని కాదు, ఇంకా తప్పని తేలలేదని. యూనివర్సిటీ నేల మీద ఉన్న రోజుల్లో మొదటి క్లాసులో చెప్పిన మాట ఇది. క్లాసు మొత్తంలో దాన్ని ఒంటికి పట్టించుకున్నది నేనొక్కదాన్నే అనుకుంటాను. మిగతావాళ్ళు సుఖపడ్డారు.

కొలత 605. పలక 7. మబ్బు, మధ్యలో తెరిపి.

భవాని వదినకి జ్వరం. వదిన మా ఆయన అక్క. పలకల్ని సముద్రంలోంచి లేపే ముఠాకి పెద్ద. దిబ్బ అడుక్కి కట్టేసిన పడవల్లో నలభై మంది ఉంటారు, పడవల వరస అంటాం. ఆవిడ ఉండేది అక్కడే. వీళ్ళు వదిన వాళ్ళమ్మ కాలంలో, అందరికన్నా చివర వచ్చినవాళ్ళు. తమ్ముడు నన్ను చేసుకుని దిబ్బ పైకి వచ్చాడు గానీ ఆవిడ పడవ వదల్లేదు.

పలక సముద్రంలోంచి లేచిందంటే ముందు దానికి స్నానం. రేవు మెట్ల మీద నిలబెట్టి ఇంటికొక చెంబు చొప్పున మంచినీళ్ళు పోస్తారు. తరవాత పాత నూలుచీర చుట్టి, మంచినీళ్ళ గోలెంలో మర్నాటి దాకా ఉంచి, అప్పుడు నా దగ్గరికి పంపుతారు. తాగే నీళ్ళు తగ్గాక కూడా ఆ చెంబు ఎవరూ మానుకోలేదు. మనకి నీళ్ళిచ్చే తల్లిని ఉప్పొంటితో ఎలా పంపుతాం అంటారు. పన్నెండేళ్ళ కిందట నేను ఈ గదికి వచ్చేనాటికే ఈ ఆచారం ఉంది. శుభ్రమైన పలకని కొలవడం నాకూ సుఖమే కాబట్టి ఏనాడూ దాని గురించి ఆలోచించలేదు.

ఈ రోజు ముఠావాళ్ళు ఏడో పలకని నీళ్ళు ఓడుతుండగానే తెచ్చి బల్ల మీద పెట్టారు.

"అక్క లేదండి, స్నానం మేం సేయించకూడదు. మళ్ళీ మీ కరెంటు టైమెల్లిపోద్దని తెచ్చేసేం. కొలిచేసుకోండి, అక్క లేచేక పోత్తాం."

వలయం అప్పటికే వేడెక్కింది. కాదంటే ఒక పూట కరెంటు దండగ. పలక మీది ఉప్పునీరు ఆరి గడ్డకట్టకుండా పల్చటి ప్లాస్టిక్ పొర ఒకటి పరిచి, అంచులు బిగించి, కిరణం కిందికి నెట్టాను. నీటి వల్ల తెర అంతా మసకేసింది. ఆ మసకలో, రెండు కడ్డీలకి సరిగ్గా నడిమధ్య, ఏమీ ఉండకూడని చోట, ఇంకో కడ్డీ ఉంది.

పలక సరిగ్గా కూర్చోలేదనుకున్నాను. మళ్ళీ కూర్చోబెట్టాను. ఉంది. డిటెక్టరు మురికి అనుకుని తుడిచాను. ఉంది.

నడిమధ్య కడ్డీ పుట్టిందంటే ముఖం మీద పరమాణువుల వరసల మధ్య ఎడం రెట్టింపయిందన్నమాట. ఒకటి విడిచి ఒకటి వరస ఊడిపోయింది.

కొలత 606, 607, 608. పలక 7 మళ్ళీ మళ్ళీ.

ఏడో పలకని మంచినీళ్ళలో మర్నాటి దాకా ఉంచి కొలిచాను. నడిమి కడ్డీ లేదు. పలక బాగుంది, ఎప్పటిలాగే. సముద్రపు నీళ్ళు పోసి, పొర కప్పి, ఎండలో పెట్టి కొలిచాను. రెండో పూటకి కడ్డీ తిరిగొచ్చింది. మళ్ళీ మంచినీళ్ళలో పెట్టాను. పోయింది.

ఇక అనుమానానికి చోటు లేదు. నాలాంటి మనిషికి అలా రాయడం కొత్తగా ఉంది. ఇన్నేళ్ళుగా మేం కొలుస్తున్నది సముద్రంలో పనిచేస్తున్న పలకని కాదు. స్నానం చేసి, సేదతీరి, ఊడిన వరసలు తిరిగి పూడ్చుకుని వచ్చిన పలకని. వరస తప్పకుండా పలకల్ని లేపినన్నాళ్ళూ వాటికి స్నానాలు అందాయి. కరెంటు తగ్గి నేను కొలతలు తగ్గించాను. లేపడం తగ్గింది, స్నానాలు తగ్గాయి, నీళ్ళు తగ్గాయి.

భవాని వదిన జ్వరం నుంచి లేచి నేరుగా నా గదికి వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది.

"స్నానం లేకండా కొలిసేవంట."

"కొలిచాను వదినా. ఇకమీదట అన్నీ అలాగే కొలవాలి. ముందు ఉప్పుతో నా దగ్గరికి, తరవాతే నీళ్ళు."

"ఉప్పొంటితో ఉన్నదాన్ని లోపలికి రానిత్తామా అమ్మాయ్? నువ్వు సముద్రంలోంచి లేచొత్తే అలాగే పడుకోబెడతానా?"

"నేను పలకని కాదు కదా."

"కాదులే. అది పన్జేత్తది."

కూర్చోమని తెర చూపించాను. ఉప్పులో ఇలా ఉంది, మంచినీళ్ళ తరవాత ఇలా ఉంది అని పక్కపక్కన పెట్టాను. ఆవిడకి కడ్డీలు చదవడం రాదు, కానీ ఒకచోట ఉన్నది ఇంకోచోట లేకపోవడం ఎవరికైనా కనపడుతుంది. చాలాసేపు చూసింది.

"అయితే మేం సేసింది తప్పంటావ్."

"తప్పు కాదు. మీరు పోసిన నీళ్ళ వల్లే అవి ఇన్నాళ్ళు బతికాయి. నాకు జబ్బు కనపడకుండా చేసిందీ ఆ నీళ్ళే."

"అంటే తలదువ్వి, మంచి సీర కట్టి డాట్రు దగ్గరికంపేం."

"అంతే."

"డాట్రమ్మేమో, ఎంత బాగుందే అని మెచ్చుకుని పంపేసింది."

అదీ అంతే.

కొలత 613. పలకలు 2, 9. ఎండ బాగా ఉంది.

మొదట ఆశపడ్డానని రాసి తీరాలి. మంచినీళ్ళు జబ్బు నయం చేస్తాయంటే, అన్ని పలకలకీ తరచుగా నీళ్ళు పడితే సరిపోతుంది కదా అనుకున్నాను. ప్రెసిడెంటు గారికి కూడా చెప్పేశాను. ఆయన మొహం విప్పారింది. ఆ మొహం చూడకుండా ఉంటే బాగుండేది.

ఎంత తరచుగా, ఎన్ని నీళ్ళు అన్నదే ఇప్పుడు నా ముందున్న లెక్క. వరసలు ఎంత లోతు దాకా ఊడాయన్నదాని మీద అది ఆధారపడుతుంది. రెండు ఊహలు నిలబడుతున్నాయి.

మొదటి ఊహ: పై పొరలో మాత్రమే వరసలు ఊడాయి. నానబెడితే పూర్తిగా పూడిపోతాయి. అప్పుడప్పుడు నానబెడితే చాలు. నానబెట్టడానికి పోయే నీళ్ళు తీసేసినా రెండు వందల నలభై మందికి సరిపోతాయి. దిబ్బ మీదా పడవల్లోనూ ఉన్నది అంతమందిమే.

రెండో ఊహ: కింది పొర కూడా గుల్లబారింది. మంచినీళ్ళు పైన పొక్కు కట్టిస్తాయే తప్ప లోపల మానదు. ఊరికే నానబెడుతూ ఉండాలి. పలక ఇచ్చిన నీళ్ళలో చాలా భాగం పలకే తాగుతుంది. మిగిలేవి రెండు వందల మందికి.

ఈ రెండు ఊహలకీ వచ్చే గీతలు దాదాపు ఒక్కలాగే ఉన్నాయి. తేడా తెలిసేది కడ్డీ చివర్లలో. అక్కడ వెలుగు మరీ సన్నం, పైగా ఉప్పునీటి మసక. కొలతకీ మొదటి ఊహకీ మధ్య తేడా అంకె 1.33. ఒకటికి ఎంత దగ్గరైతే ఊహ అంత బాగా సరిపోయినట్టు. రెండో ఊహకి 1.31. క్లాసులో ఎవరైనా ఈ రెండంకెల మీద తీర్పు చెబితే మార్కులు తీసేసేవారు.

కొలత 614. పలక లేదు. ఖాళీ కొలత.

లెక్క చెప్పడానికి వెళ్ళాను. ప్రెసిడెంటు గారు తొట్టి గట్టు మీద కూర్చుని తాడు పేనుతున్నారు.

"రెండు వందల ఇరవై మందికండి. ఇటూ అటూ ఇరవై."

"ఇటూ అటూ అంటే?"

"రెండు వందల నలభైకి సరిపోవచ్చు. రెండు వందలకే సరిపోవచ్చు."

తాడు పేనడం ఆపలేదు. "ఆ మధ్య ఉన్న నలభై ఎవరో తెలుసు కదమ్మా నీకు."

తెలుసు. పడవల వరసని దిబ్బకి కట్టనిచ్చినప్పుడే అందరి ముందూ ఒప్పుకున్న మాట. నీళ్ళు చాలకపోతే చివర వచ్చినవాళ్ళు ముందు కదలాలి. కదిలితే పడమటి కొండలకి. రెండేళ్ళ కిందట దారి చూడటానికి ఒక పడవ వెళ్ళింది. దాన్ని నడిపింది మా ఆయన. ఒడ్డు చేరగానే కొండ మీద పొగ పెడతామన్నారు. పెట్టలేదో, పెట్టినా మాకు కనపడలేదో.

"నీ గ్రాఫులో అది గీతమ్మా. ఇక్కడ పిల్లలతో సహా మనుషులు. ఇంకా సన్నగా చెయ్యలేవా దాన్ని?"

"రోజంతా వలయం తిప్పితే కొంత చేయగలనేమో. పొయ్యిలు వెలగవు."

"పచ్చివి తింటాం. నైరుతి గాలి తిరిగే లోపు చెప్పు. తిరిగిందంటే చలికాలం దాకా పడవ కదలదు."

ఆయన చెప్పని భాగం కూడా నాకు తెలుసు. రెండో ఊహ నిజమై, అందరూ ఇక్కడే ఉండిపోతే, పలకలకి పట్టాల్సిన నీళ్ళు మనుషులు తాగుతారు. చలికాలం నాటికి పలకలు రెండు వందల మందికి కూడా నీళ్ళివ్వవు.

కొలత 615 నుంచి. పలక 7. ఎండ ఉన్నంతసేపూ.

నానబెట్టిన బియ్యం, ఎండుచేప. దిబ్బ మీద ఎవరూ సణగడం లేదు. సణిగితే బాగుండును. గదికి వచ్చే దారిలో జనం పక్కకి తప్పుకుంటున్నారు, నా చేతిలో నిండు బిందె ఉన్నట్టు.

కడ్డీ చివర ఒక్కొక్క బిందువు దగ్గర డిటెక్టరు పెట్టి కూర్చోవడమే పని. వెలుగు ఒక్కొక్క చినుకుగా వస్తుంది. నీటి మసకని విడిగా కొలిచి దీంట్లోంచి తీసెయ్యాలి. తీసేశాక మిగిలేది, తీసేసినదాంట్లో వందో వంతు ఉంటుంది. ఆ వందో వంతులో నలభై మంది ఉన్నారు.

పడవల వరస వాళ్ళు కిటికీ దగ్గరికి వస్తారేమోనని భయపడ్డాను. రాలేదు. అవతల పడవల అడుగులకి తారు పూస్తున్న వాసన వస్తోంది. ఎవరూ ఏమీ చెప్పకముందే పూసుకుంటున్నారు.

కొలత 631. పలక 7. గాలి పడింది.

కొత్త అంకెలు. మొదటి ఊహకి 1.28. రెండో ఊహకి 1.27.

ఇన్ని పూటల పచ్చి బియ్యానికి వచ్చిన ఫలితం ఇది. కొలత మెరుగైంది. రెండు ఊహలూ కలిసి మెరుగయ్యాయి.

గాలి పడిపోయి సముద్రం నూనెలా ఉంది. నైరుతి తిరగబోయే ముందు ఇలాగే ఉంటుంది. ప్రెసిడెంటు గారు వచ్చి, తెర వైపు చూడకుండా నా వైపే చూశారు.

"తేలలేదండి," అన్నాను.

"తేలదా, తేలలేదా?"

"ఉన్న కరెంటుతో తేలదు."

స్టూలు లాక్కుని కూర్చున్నారు. "నేను చదువుకోలేదమ్మా. నన్ను ఎంచుకోమంటే మనుషుల మొహాలు చూసి ఎంచుకుంటాను. అది మంచిది కాదని నాకే తెలుసు. నువ్వు చెప్పు. ఆ నలభై మందిని లోపల వెయ్యనా, బయట వెయ్యనా?"

ఇది నా పని కాదని అనబోయాను. మరెవరి పని? మొదటి ఊహ నిజమై వాళ్ళని పంపేస్తే నలభై మందికి అన్యాయం. రెండో ఊహ నిజమై వాళ్ళని ఉంచేస్తే రెండు వందల నలభై మందిమీ పోతాం. ఇలా పెట్టి చూస్తే జవాబు తేలిగ్గా వస్తుంది. మరీ తేలిగ్గా వచ్చిందనిపించింది. నా గది దిబ్బ పైన ఉంది. నేను పడవలో ఉండుంటే ఇదే లెక్క ఇంత తొందరగా తెగేదా? ఎంతసేపు ఆలోచించినా, నన్ను నేను ఆ పడవలో కూర్చోబెట్టుకుని లెక్క వెయ్యలేకపోయాను. అక్కడ కూర్చుంటే లెక్కే వెయ్యబుద్ధి కాలేదు.

"తక్కువే అనుకోండి," అన్నాను.

"అంటే బయటా?"

"బయటే."

ఆయన లేచి స్టూలు ఎక్కడిది అక్కడ పెట్టారు. గుమ్మం దాటాక మళ్ళీ వెనక్కి వచ్చి, "నేను చెప్పానంటానులే," అన్నారు. వద్దన్నాను. విన్నారో లేదో తెలీదు.

కొలత లేదు.

వలయం తిప్పలేదు. రేవుకి వెళ్ళాను.

భవాని వదిన పడవలో చాప చుడుతోంది. నన్ను చూసి జరిగి చోటిచ్చింది. కూర్చున్నాను. ఆవిడ ముఠాలో దిబ్బ పైవాళ్ళు ముగ్గురున్నారు, వాళ్ళకి స్నానం ఎలా చేయించాలో నేర్పేశానంది. ముందు అంచులకి, తరవాత మొహానికి పొయ్యాలని. మొహం మీద చేత్తో రుద్దకూడదని. గోలెంలో పెట్టేటప్పుడు ఆకాశం వైపు చూసేలా పెట్టాలని.

"ఎందుకు ఆకాశం వైపు?"

"మా అమ్మ అలాగే పెట్టేది. నీ గీతల్లో ఎందుకో కనపడుద్దేమో సూస్కో."

కాసేపు ఇద్దరం చాప అంచులు పట్టుకుని లాగాం.

"ఒకటడుగుతాను, నిజం సెప్పు. తెలిసే పంపుతున్నావా, తెలీక పంపుతున్నావా?"

"తెలీకే వదినా."

చాప ముడి బిగించింది. "తెలిసి పంపితే దారంతా తిట్టుకుంటా పోదును. కాస్త పొద్దుపోయేది. ఇప్పుడు దానికీ లేకండా సేసేవ్."

నేనూ వస్తానన్నాను. ఆ మాట ఎందుకన్నానో నాకు తెలియదు, రాలేనని ఇద్దరికీ తెలుసు. ఏ పలకని ఎప్పుడు నానబెట్టాలో చెప్పే మనిషి ఇక్కడ ఇంకొకరు లేరు. ఇది నిజమైన కారణమే. నిజమైన కారణం చేతిలో ఉండటం ఎంత సౌకర్యమో కూడా నాకు తెలిసింది.

"నువ్వొచ్చి ఏం సేత్తావ్, తెడ్డెయ్యగలవా?" అంది. తరవాత, కింద పడవ ఊగుతుండగా, తల తిప్పకుండా అడిగింది. "తమ్ముడు కనపడితే ఏం సెప్పమంటావ్?"

రెండేళ్ళలో ఎన్నో అనుకున్నాను. ఆవిడ కట్టిన ముడినే మళ్ళీ బిగించాను.

"సర్లే. బానే ఉందంటాను," అంది.

ఏడు పడవలు ఒకదాని వెనక ఒకటి వెళ్ళాయి. దిబ్బ మీద వాళ్ళెవరూ చెయ్యి ఊపలేదు. ఊపడం న్యాయం కాదనుకున్నారేమో. రెండు రోజులకి నైరుతి తిరిగింది.

కొలత 640. పలకలు 1, 4, 7. ఎండ విపరీతం.

పలకల్ని వంతులవారీగా నానబెడుతున్నాం. రెండో ఊహ ప్రకారం, అంటే బాగా తరచుగా. ఉప్పులో కొలిస్తే నడిమి కడ్డీ మునుపటంత గట్టిగా లేదు. ఒక్కో వంతుకీ ఇంకాస్త పల్చబడుతోంది. రెండో ఊహ నిజమైతే ఇంత పల్చబడకూడదు. ఎండ ఎక్కువగా ఉండటం వల్ల కావచ్చు. మూడు పలకలు చూసి ఏదీ అనకూడదు.

ఈ పేజీలో ఇంతకంటే రాయను.

కొలత 652. పన్నెండు పలకలూ అయ్యాయి. ఎండ మామూలుగా ఉంది.

1.09. ఇది మొదటి ఊహకి. రెండో ఊహకి 1.74.

నడిమి కడ్డీ తగ్గాక మసకలో ఇన్నాళ్ళూ కలిసిపోయిన చివరి బిందువులు పైకి తేలాయి. ఈ అంకెల మీద తీర్పు చెబితే ఇప్పుడు ఎవరూ మార్కులు తీసెయ్యరు. వరసలు పై పొరలోనే ఊడాయి. కింది పొర ఎప్పుడూ గట్టిగానే ఉంది. నలభై మంది ఇక్కడ ఉండి నీళ్ళు తాగుతున్న రోజుల్లో కూడా గట్టిగానే ఉంది.

ఈ మాట చెప్పడానికి బయటికి వచ్చేసరికి చెప్పాల్సిన అవసరం లేకపోయింది. తొట్టి నిండి పొర్లుతోంది. గట్టు మీంచి మంచినీళ్ళు మెట్ల వెంట జారి, ఖాళీ రేవులోంచి సముద్రంలోకి పోతున్నాయి. జనం చుట్టూ నిలబడి ఉన్నారు. ఎవరూ చెంబు ముంచలేదు. ప్రెసిడెంటు గారు నా వైపు చూశారు. నేను తలూపాను. ఆయన పైకండువా తీసి మొహం తుడుచుకుని, పడమటికి చూశారు. కెరటాలు ఇల్లెత్తున లేస్తున్నాయి. ఎవరు వెళ్ళి ఎవరిని పిలుచుకొస్తారు?

"ఎన్నాళ్ళిలా పొర్లుద్దమ్మా?"

"వాళ్ళు లేనన్నాళ్ళూ."

చివరికి వెనకనుంచి ఒకావిడ అడిగింది. గొంతు తగ్గించే అడిగింది. "ఎలాగూ సముద్రంలోకే పోతన్నాయి కదండీ. తల మీద పోసుకోవచ్చా?"

దిబ్బ మీద ఆడవాళ్ళ జుట్టు ఉప్పునీళ్ళకి కొబ్బరిపీచులా ఉంటుంది. ఈ నీళ్ళు తల మీద పోసుకోవాలన్న ఆలోచన ఎవరికీ ఎప్పుడూ వచ్చి ఉండదు. అందరూ నా వైపే చూస్తున్నారు, దీనికి కూడా నా దగ్గర ఏదో అంకె ఉన్నట్టు.

పోసుకోమన్నాను.

ఒక్కొక్కరూ వచ్చి మెట్ల మీద కూర్చున్నారు. పిల్లలకి పోశారు, తరవాత ఒకరికొకరు పోసుకున్నారు. నీళ్ళ చప్పుడే వినపడింది. ఒకావిడ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. వద్దనలేకపోయాను. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి.

గదికి వచ్చి దువ్వెన పెట్టాను. ఒక్క చిక్కు కూడా తగల్లేదు. మొదలు నుంచి చివర దాకా మెత్తగా జారిపోయింది.